ఆటోమేషన్ ఎన్వలప్ ఎడిటింగ్: పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు రికార్డింగ్ చేసుకునేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లో ఒక గది, ఒక ల్యాప్‌టాప్, రెండు మైకులు పెట్టుకుని భజన బృందాల పాటలు, చర్చి క్వైర్లు, పెళ్ళి వీడియోల ఆడియో, పండగ ప్రకటనలు మిక్స్ చేసేవాళ్ళు మన ఆంధ్ర-ఒడిశా సరిహద్దు ఊళ్ళలో బాగానే ఉన్నారు. ఆటోమేషన్ ఎన్వలప్ అంటే పాట నడుస్తుండగా వాల్యూమ్ లాంటివి ఎప్పుడెంత మారాలో ట్రాక్ మీద గీసే గీత. దాని గురించి వాళ్ళు పదే పదే అడిగేవి ఇక్కడ రాశాను. నన్ను అడిగేవాళ్ళలో ఎక్కువమంది రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ వాడతారు కాబట్టి ఉదాహరణలు దాన్నుంచే ఇచ్చాను. క్యూబేస్, ఆర్డర్ (Ardour), ప్రో టూల్స్ లాంటి వేరే సాఫ్ట్‌వేర్లు వాడేవాళ్ళకి మెనూల పేర్లు మారతాయి, పని మారదు.

ఫేడర్ జరిపితే అయిపోయేదానికి ఈ గీత ఎందుకు?

ఫేడర్, అంటే ట్రాక్ వాల్యూమ్‌ను పెంచి తగ్గించే జారుడు మీట, పాటంతటికీ ఒకే మాట చెబుతుంది. పల్లవిలో గొంతు విప్పి పాడినవాడు చరణంలో మెల్లగా పాడతాడు, మధ్యలో కాగితం చూడ్డానికి మైకు నుంచి తల తిప్పుతాడు. ఏ క్షణంలో ఎంత వాల్యూమ్ కావాలో రాసిపెట్టేదే ఎన్వలప్. వాల్యూమ్ ఒక్కటే కాదు, పాన్ (ఎడమ, కుడి స్పీకర్ల మధ్య చోటు), రివర్బ్‌కి (ప్రతిధ్వని ఎఫెక్టుకి) వెళ్ళే సెండ్, ఈక్యూలో (సన్న, లావు స్వరాల సర్దుబాటులో) ఒక బ్యాండ్, ప్లగిన్‌లో (తగిలించుకునే ఎఫెక్టులో) ఏ మీటైనా ఇలాగే రాయొచ్చు. రీపర్‌లో ట్రాక్ ఎంచుకుని వి కీ నొక్కితే వాల్యూమ్ గీత, పి నొక్కితే పాన్ గీత కనిపిస్తాయి.

గీత ముట్టుకునే ముందు చేయాల్సిన పని ఏమైనా ఉందా?

ఉంది, దాన్నే అందరూ దాటేస్తారు. ముందు క్లిప్‌ను (ట్రాక్ మీదున్న రికార్డింగ్‌ను) ముక్కలుగా కోసి, ప్రతి ముక్క గెయిన్‌ను (దాని సొంత వాల్యూమ్‌ను) దగ్గర దగ్గరగా తెచ్చుకోండి. ఒక చరణం మొత్తం 5 డీబీ (డెసిబెల్, శబ్దం కొలత) తక్కువగా రికార్డయితే దాన్ని ఎన్వలప్‌తో ఎత్తక్కర్లేదు. ఆ ముక్క గెయిన్ 5 డీబీ పెంచితే చాలు. ప్రో టూల్స్‌లో ఇదే క్లిప్ గెయిన్, 2011లో 10వ వెర్షన్‌తో వచ్చింది. రీపర్‌లో ఐటమ్ వాల్యూమ్.

ఎన్వలప్‌ను భావం కోసం దాచుకోవాలి, మరమ్మతు పనికి కాదు. మరమ్మతు ముందే అయిపోతే 4 నిమిషాల పాటకి గొంతు ట్రాక్‌లో 30, 40 పాయింట్లు (గీతను వంచే చుక్కలు) సరిపోతాయి. అంతకు చాలా ఎక్కువ పడుతున్నాయంటే పై మెట్టు వదిలేశారనే నేను అనుకుంటాను.

అన్నా, టచ్ మోడ్‌లో (ఫేడర్ జరుపుతుంటే గీత రాసే పద్ధతిలో) పెట్టి మౌస్‌తో ఫేడర్ జరిపాను. చీమల బారులా పాయింట్లు పడ్డాయి. ఇప్పుడు ఒక్క చోట మార్చాలన్నా కుదరట్లేదు. ఏం చేయను?

ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. సెకనుకు 30 పాయింట్లు పడ్డాయనుకుందాం. 4 నిమిషాల పాటకి 7,200 అవుతాయి. మీ చేతి వణుకు కూడా అందులో ఉంటుంది. ఒక పాయింటు పట్టుకుని లాగితే పక్కవి అక్కడే ఉండిపోయి ముల్లులా ఒక్కటే లేస్తుంది.

మొదట, చేత్తో చేసిన రైడ్‌ని (పాట నడుస్తుండగా ఫేడర్ జరిపి రాసినదాన్ని) ఒకసారి కళ్ళు మూసుకుని వినండి. బాగుంటే అందులో ఉన్న నిర్ణయాలు మంచివే, పాయింట్ల సంఖ్యే సమస్య. ఎన్వలప్ మెనూలో పాయింట్లు తగ్గించే కమాండ్ ఉంటుంది. దాన్ని ఒకేసారి గట్టిగా లాగకుండా కొంచెం కొంచెంగా తగ్గిస్తూ రండి. ఎత్తుపల్లాల ఆకారం మిగిలి, మధ్య గరుకు పోయినప్పుడు ఆపండి. క్యూబేస్‌లో ఆటోమేషన్ ప్యానెల్ సెట్టింగుల్లో రిడక్షన్ లెవెల్ ఉంది, ప్రో టూల్స్‌లో ప్రతి పాస్ (ఒకసారి ప్లే చేసి రాయడం) తర్వాత దానంతటదే పలచన చేసే ప్రిఫరెన్స్ ఉంది. ఇవి ముందే సర్ది పెట్టుకుంటే తర్వాత తిప్పలు తక్కువ.

రెండోది ఎవరూ చెప్పరు. చెవి విన్నాక చేయి కదలడానికి దాదాపు 200 మిల్లీసెకన్లు పడుతుంది. అంటే మీరు ఎత్తిన ప్రతిదీ కాస్త ఆలస్యంగా ఎత్తారు. పదం మొదటి అక్షరం పోయి రెండో అక్షరం నుంచి పెరుగుతుంది. పాయింట్లు తగ్గించాక అన్నిటినీ ఎంచుకుని 150 నుంచి 200 మిల్లీసెకన్లు ఎడమకి జరపండి. రైడ్‌కి ప్రాణం వచ్చినట్టుంటుంది. పాట ముందే బట్టీ వచ్చి, ముందుచూపుతో ఫేడర్ కదిపేవాళ్ళకి ఇంత అక్కర్లేదు.

మూడోది, మిగిలిన పాయింట్లలో నిజంగా పని చేస్తున్నవి ఏవో చూసుకోండి. పైకి 0.3 డీబీ, కిందికి 0.4 డీబీ తేడాలు పాట మధ్యలో ఎవరికీ వినపడవు. తీసేయండి. రీపర్‌లో ఆల్ట్ నొక్కి పాయింట్ మీద క్లిక్ చేస్తే పోతుంది. షిఫ్ట్ నొక్కి గీత మీద క్లిక్ చేస్తే కొత్తది పడుతుంది.

టచ్, లాచ్, రైట్ లలో ఏది వాడాలి?

టచ్. ఫేడర్ పట్టుకున్నంతసేపు రాస్తుంది, వదలగానే పాత గీతకి వెళ్ళిపోతుంది. లాచ్ అయితే వదిలిన చోటే ఉండిపోయి, ప్లే ఆపేదాకా అదే రాస్తుంది. రివర్బ్ సెండ్‌ను చరణమంతా పెంచి ఉంచాలంటే అది బాగుంటుంది. రైట్ మోడ్ ప్లే మొదలవగానే ఉన్నదంతా తుడిచి కొత్తది రాస్తుంది. మరిచిపోయి అందులో వదిలేసి పాట వినిపిస్తే నిన్నటి పని గోవిందా.

చవక మిడీ కంట్రోలర్ (కంప్యూటర్‌కి తగిలించే ఫేడర్ల పెట్టె) వాడేవాళ్ళకి ఒక మాట. వాటి ఫేడర్లకి వేలు తగిలిందో లేదో తెలియదు. కదలిక ఆగితే వదిలేశారనుకుంటుంది సాఫ్ట్‌వేర్. అలాంటి చోట లాచ్‌తోనే హాయి. పైగా మామూలు మిడీ కంట్రోల్ సందేశంలో 0 నుంచి 127 దాకా 128 మెట్లే ఉంటాయి. నెమ్మదిగా దిగాల్సిన ఫేడ్‌ను దానితో రాయకండి, రెండు పాయింట్లు పెట్టి గీయండి.

గీత గీశాక ఫేడర్ జరిపితే కొన్నిసార్లు మొత్తం మారుతోంది, కొన్నిసార్లు ఫేడర్ తిరిగి వెనక్కి వచ్చేస్తోంది. ఎందుకు?

మోడ్ తేడా. రీపర్‌లో మొదట ఉండేది ట్రిమ్/రీడ్. అందులో గీత ఒక పక్క, ఫేడర్ దానిమీద అదనపు మొత్తం. ఫేడర్‌ని 2 డీబీ దించితే గీతంతా 2 డీబీ దిగినట్టే వినిపిస్తుంది, ఆకారం చెడదు. రీడ్ మోడ్‌లో ఫేడర్ గీతకి బానిస, మీరు జరిపినా తిరిగి దాని చోటికి వస్తుంది. మిక్స్ చివర్లో గొంతు మొత్తంగా పెంచాలంటే ట్రిమ్/రీడ్‌లో ఉండడం మేలు.

పాట బాగానే వినిపిస్తోంది గాని మాట చివర్లు అందట్లేదంటున్నారు. కంప్రెసర్ (పెద్ద శబ్దాన్ని దానంతటదే అణిచే ఎఫెక్టు) పెంచనా?

పెంచకండి. తెలుగులో మాటలు దాదాపు అన్నీ అచ్చుతో ముగుస్తాయి. ప్రశ్న, విభక్తి, క్రియ ఎవరిదో చెప్పేదీ ఎక్కువగా ఆ చివరి అక్షరాల్లోనే ఉంటుంది. “వస్తాడు” అన్నాడా, “వస్తాడా” అన్నాడా అన్నది ఆఖరి అక్షరం వింటేనే తెలుస్తుంది. పాడేవాడికి ఊపిరి అయిపోయేది సరిగ్గా అక్కడే. అదే క్షణంలో తాళం మీద డోలు దెబ్బ పడుతుంది.

ఒక్క పాదం తీసుకుని దగ్గరగా చూడండి. వేవ్‌ఫారం పెద్దది చేయండి. ఆఖరి పదంలో హల్లు దగ్గర సన్నని ముల్లులాంటి గీత, తర్వాత అచ్చు తోకలా సన్నబడుతూ పోవడం కనిపిస్తుంది. హల్లు అయిపోయాక, తోక మొదలయ్యే చోట ఒక పాయింటు 0 దగ్గర పెట్టండి. తోక మధ్యలో రెండోది 3 డీబీ పైన. ఊపిరి పీల్చే చప్పుడుకి కాస్త ముందు మూడోది మళ్ళీ 0కి. ఊపిరి మరీ వినిపిస్తుంటే నాలుగోది మైనస్ 6 దగ్గర. పాయింటు ఆకారాన్ని స్లో స్టార్ట్/ఎండ్ చేస్తే ఎత్తడం తెలియనే తెలియదు. హల్లు మీద ఎత్తితే మాత్రం ప, భ, ట లాంటివి చెంపదెబ్బలా తగులుతాయి. అందుకే పాయింటు హల్లు దాటాకే.

ప్రతి పాదానికీ చేయక్కర్లేదు. పాట తెలియని ఒకరిని కూర్చోబెట్టి సాహిత్యం రాయమనండి. ఎక్కడ తప్పు రాశారో అక్కడ ఎత్తండి. ఇంట్లో ఒడియా మీడియంలో చదివే పిల్లలుంటే ఇంకా మంచిది, ఊహించి పూరించకుండా విన్నదే రాస్తారు.

గీతని 4 డీబీ ఎత్తాను. కొంచెమే పెరిగింది. సాఫ్ట్‌వేర్‌లో లోపమా?

గీత కంప్రెసర్‌కి ముందుంది. 4:1 నిష్పత్తిలో, త్రెషోల్డ్ (అణచడం మొదలయ్యే హద్దు) దాటిన గొంతుని 4 డీబీ ఎత్తితే బయటికి వచ్చేది 1 డీబీయే. రీపర్‌లో మామూలు వాల్యూమ్ ఎన్వలప్ ఎఫెక్టుల తర్వాత పని చేస్తుంది. ప్రీ-ఎఫ్‌ఎక్స్ వాల్యూమ్ అని వేరే ఉంది, అది ముందు. ఐటమ్ గెయిన్ కూడా ముందే. కంప్రెసర్‌కి అందే మోతాదు సర్దాలంటే ముందుది, వినేవాడికి చేరేది మార్చాలంటే తర్వాతది.

పాయింటు దగ్గర “టక్” మంటోంది.

గీత నిలువుగా పడుతోంది. స్క్వేర్ ఆకారం పెట్టినా, రెండు పాయింట్లు ఒకదాని నెత్తిన ఒకటి ఉన్నా తరంగం మధ్యలో తెగుతుంది. వాలు ఇవ్వండి. 48,000 హెర్ట్జ్‌లో (సెకనుకు 48,000 శాంపిళ్ళు, అంటే శబ్దం కొలతలు) 10 మిల్లీసెకన్లంటే 480 శాంపిళ్ళు, చాలాసార్లు అది చాలు. తంబుర, హార్మోనియం లాంటి ఎడతెగని శబ్దాలకి ఇంకా ఎక్కువ కావాలి.

“టక్” బదులు “జర్ర్”మని గరుకు వినిపిస్తే తప్పు ప్లగిన్‌ది కావచ్చు. కొన్ని ప్లగిన్లు విలువను బఫర్‌కి (కంప్యూటర్ ఒక విడతలో లెక్కించే శాంపిళ్ళ గుంపుకి) ఒకసారే మార్చుకుంటాయి. 512 శాంపిళ్ళ బఫరైతే దాదాపు 10.7 మిల్లీసెకన్లకొక మెట్టు. వీఎస్‌టీ3 అనే ప్లగిన్ పద్ధతిలో శాంపిల్ స్థాయిలో కచ్చితంగా మార్చుకునే వీలుంది గాని, ప్లగిన్ రాసినవాళ్ళు దాన్ని వాడుకోవాలి.

గీత పైభాగంలో మెత్తగా కదులుతోంది. కిందికి పోయేసరికి వెంట్రుకంత జరిపినా శబ్దం పడిపోతోంది.

స్కేలు వల్ల. గీత ఎత్తు ఆంప్లిట్యూడ్ (తరంగం ఎత్తు) ప్రకారం ఉందనుకోండి, పైఅంచు ప్లస్ 6 డీబీ. అప్పుడు 0 డీబీ సరిగ్గా సగంలో ఉంటుంది. మైనస్ 6 పావు వంతు ఎత్తులో, మైనస్ 12 ఎనిమిదో వంతులో. 100 పిక్సెళ్ళ లేన్‌లో (గీత కనిపించే పట్టీలో) మైనస్ 24 అడుగు నుంచి 3 పిక్సెళ్ళ దూరమే. ఆ మూడు పిక్సెళ్ళలో ఏం సర్దుతారు? రీపర్‌లో వాల్యూమ్ ఎన్వలప్‌లకి ఫేడర్ స్కేలింగ్ పెట్టుకోవచ్చు, ప్రిఫరెన్సెస్‌లో వెతకండి. అది పెట్టాక కింది భాగానికి చోటు పెరుగుతుంది. లేన్ ఎత్తు కూడా పెంచండి. పాత పాటల గీతల మీద స్కేలు మారిస్తే పాయింట్ల మధ్య వాలు వినిపించే తీరు మారొచ్చు, కాబట్టి కొత్త ప్రాజెక్టులకే పెట్టుకోండి.

జముకుల కథ (జముకు అనే తీగ వాద్యంతో చెప్పే జానపద కథ) రికార్డు చేశాం. జముకు మోగినప్పుడల్లా కథ చెప్పే ఆవిడ మాట మునిగిపోతోంది.

గొంతుని ఎత్తకండి, జముకుని దించండి. దించేది కూడా మాట ఉన్నచోటే. జముకు తీగ బిగించి వదిలినప్పుడు వచ్చే ఊగు చాలాసేపు ఉంటుంది, మాటను మింగేది అదే. మొదటి మీటు వినాలి, కథకి ఊపు దానివల్లే వస్తుంది. మీటు అయిపోగానే ఊగు మీద 3, 4 డీబీ దించి, మాట అయ్యాక తిరిగి ఎత్తండి. ఒకచోట సరిగ్గా కుదిరిన నాలుగు పాయింట్లను కాపీ చేసి, అదే దరువు తిరిగి వచ్చే చోట్ల అతికించుకోవచ్చు. కళాకారులు యంత్రంలా ఒకే లయలో ఉండరు కాబట్టి ప్రతి చోటా కాస్త జరపాలి. ఇద్దరూ ఒకే మైకులో పడితే ఈ విద్య పనికిరాదు. అందుకే రికార్డింగ్ రోజే జముకుకి విడిగా ఒక మైకు పెట్టండి.

పండగ ప్రకటన తెలుగులోనూ, ఒడియాలోనూ చేయాలి. వెనక సంగీతం ఒకటే. రెండుసార్లు గీయాలా?

రీపర్ 5.50 నుంచి ఆటోమేషన్ ఐటమ్‌లున్నాయి, అంటే కాపీ చేసుకోగలిగే గీత ముక్కలు. మాట మొదలవగానే సంగీతం 8 డీబీ దిగి, అయ్యాక లేచే ఆకారాన్ని ఒక ఐటమ్‌గా చేసుకుని కాపీలు పరుచుకోండి. పూల్ చేసిన కాపీలైతే ఒకదాన్ని మారిస్తే అన్నీ మారతాయి. దించింది చాలలేదని కమిటీ పెద్దలు అంటే ఒకచోట సర్ది పంపేయొచ్చు. తెలుగు వాక్యం, ఒడియా వాక్యం ఒకే పొడవు ఉండవు. అందుకని దిగే భాగం ఒక ఐటమ్‌గా, లేచే భాగం మరో ఐటమ్‌గా విడిగా చేసుకుంటే మధ్య పొడవు ఎంతైనా ఇబ్బంది లేదు.

సైడ్‌చెయిన్ కంప్రెసర్ (మాట వినిపిస్తే సంగీతాన్ని అణిచేది) పెడితే దానంతటదే దిగుతుంది కదా అంటారు. దిగుతుంది. కాని అది మాట విన్నాకే దిగుతుంది, వాక్యం మధ్యలో ఆగిన ప్రతిసారీ సంగీతం ఉబికి పైకి వస్తుంది. ప్రకటనలకి చేతి గీతే నా ఓటు.

క్లిప్ జరిపితే గీత పాత చోటే ఉండిపోయింది.

ఆప్షన్స్‌లో, మీడియా ఐటమ్‌లతో పాటు ఎన్వలప్ పాయింట్లు కదిలే సెట్టింగు ఆన్ చేయండి. టెంపో మార్చాక గీతలు తప్పితే ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లో టైమ్‌బేస్ (గీతలు సెకన్లకి అంటుకోవాలా, తాళానికా అన్నది) చూడండి. క్లిక్ (తాళం టిక్కులు) లేకుండా పాడిన భజనకి టైమ్, క్లిక్ మీద చేసిన పాటకి బీట్స్.

అడాసిటీ సాఫ్ట్‌వేర్‌తో పని కానివ్వొచ్చా?

వాల్యూమ్ వరకు కానివ్వొచ్చు. ఎఫ్2 నొక్కితే ఎన్వలప్ టూల్ వస్తుంది. పాయింటు తీసేయాలంటే ట్రాక్ బయటికి లాగేయడమే. 3.2 వెర్షన్ నుంచి రియల్‌టైమ్ ఎఫెక్టులు వచ్చాయి గాని, వాటి మీటల్ని గీతతో నడపడం అందులో లేదు. ఒకటి మాత్రం మెచ్చుకోవాలి. ఎన్వలప్ లాగుతుంటే వేవ్‌ఫారం కూడా సన్నబడుతూ లావెక్కుతూ కనిపిస్తుంది. ఎక్కడ ఎంత మారిందో కంటికి తెలుస్తుంది.

గుణుపురం రైలు కూత పాట మధ్యలో పడింది. ఎన్వలప్‌తో తీసేయొచ్చా?

గొంతు ఆగిన చోట పడితే తీసేయొచ్చు. గొంతు మీద పడితే వాల్యూమ్ గీత రెండిటినీ దించుతుంది. ఈక్యూలో కూత ఉన్న ఫ్రీక్వెన్సీ దగ్గర సన్నని కోత పెట్టి, ఆ బ్యాండ్ గెయిన్‌ను కూత ఉన్న సెకన్లకే ఆటోమేట్ చేస్తే కొంత తగ్గుతుంది. నౌపడా-గుణుపురం రైలు లైను పక్కనే ఉండేవాళ్ళు రైళ్ళ వేళలు గోడకి అంటించుకోవడం దీనికన్నా సులువు.

కరెంటు పోతే గీతలన్నీ పోతాయా?

ఆటోసేవ్‌ను తేదీ, సమయంతో వేరే ఫైళ్ళలో పడేలా పెట్టుకోండి. రీపర్ ప్రాజెక్టు ఫైలు సాదా టెక్స్టు. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే ఒక్కో పాయింటు ఒక్కో వరుసలో, సమయం, విలువ, ఆకారంతో కనిపిస్తుంది. పాడైన ఫైల్లోంచి గీతను ఏరి కొత్త ఫైల్లో పెట్టడం తీరిక ఉన్నవాళ్ళు చేయగలిగిందే.

విశాఖలో ఇంకొకరికి మాస్టరింగ్‌కి (పాటకి ఆఖరి మెరుగు పెట్టడానికి) పంపితే నా గీతలు వాళ్ళకి కనిపిస్తాయా?

సాఫ్ట్‌వేర్ వేరైతే నమ్ముకోకండి. గీతలతో సహా స్టెమ్‌లు (గొంతు, డోలు ఇలా విడివిడి ఆడియో ఫైళ్ళు) రెండర్ చేసి, అన్నీ 0 సెకను నుంచి మొదలయ్యేలా పంపండి. గీతలు లేని ముడి ట్రాకులు కూడా వేరే ఫోల్డర్‌లో పెడితే మంచిది.

ఈ ఎడిటింగ్ ఇంత విసుగ్గా ఎందుకుంది? సాఫ్ట్‌వేర్ చేసేవాళ్ళు ఏం బాగుచేయాలి?

ఫీచర్ రిక్వెస్టులు రాసేవాళ్ళు “ఎడిటింగ్ బాగుచేయండి” అని ఊరుకుంటే ఏమీ జరగదు. ఏ పనికి ఎన్ని క్లిక్కులు పడుతున్నాయో రాయాలి. నా లెక్కలో ముందుండాల్సింది, ఒక పదాన్ని ఎంచుకుని కీబోర్డుతో అర డీబీ చొప్పున ఎత్తడం, దించడం. రెండు అంచుల్లోనూ వాలుతో కూడిన పాయింట్లు దానంతటవే పడాలి. ఇప్పుడు టైమ్ సెలక్షన్‌తోనో, ఆల్ట్ పట్టుకుని మౌస్ కుడి బటన్‌తో గీసే రేజర్ ఎడిట్‌తోనో దగ్గరికి వెళ్ళొచ్చు. కాని రోజుకి వందసార్లు చేసే పనికి ఒక్క కీ ఉండాలి.

తర్వాత, పాయింట్లు తగ్గించేటప్పుడు “ఎంత తగ్గించాలి” అని ఏదో స్లైడర్ చూపిస్తారు. దాని అర్థం ఎవరికీ తెలియదు. “అసలు గీత నుంచి అర డీబీకి మించి తేడా రాకూడదు” అని డీబీల్లో చెప్పే వీలుండాలి. వంకర గీతను తక్కువ పాయింట్లతో, చెప్పిన హద్దు లోపల తేలిక చేసే లెక్క కొత్తదేం కాదు. రామర్, డగ్లస్, పొయికర్ పేర్లతో 1972, 73ల నుంచి మ్యాపుల పనిలో వాడుకలో ఉంది. తగ్గించే ముందు పాత గీతా, కొత్త గీతా ఒకదానిమీద ఒకటి చూపిస్తే ఇంకా నయం.

మూడోది టచ్‌ప్యాడ్ బాధ. చిన్న ల్యాప్‌టాప్ తెరమీద పాయింటు పట్టుకోబోతే గీత, గీత పట్టుకోబోతే వెనకున్న క్లిప్ జరుగుతాయి. పాయింటు చుట్టూ పట్టు దొరికే మేర పెద్దది చేసుకునే వీలుండాలి. అప్పటిదాకా గీతల్ని వేరే లేన్‌లోకి మార్చుకుని, క్లిప్‌లకి తాళం వేసి పని చేయండి. 300 రూపాయల మౌసైనా సరే, కొనుక్కోండి.

చూపు లేని తమ్ముడొకడు కీబోర్డ్ వాయిస్తాడు, మిక్సింగ్ నేర్చుకుంటానంటున్నాడు. గీతలు చూడకుండా ఎన్వలప్ ఎడిటింగ్ కుదురుతుందా?

కుదురుతుంది. రీపర్‌కి ఒసారా అనే ఉచిత ఎక్స్‌టెన్షన్ ఉంది. స్క్రీన్ రీడర్‌తో (తెరమీది రాతను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో) కలిసి పని చేస్తుంది, పాయింటు నుంచి పాయింటుకి కీబోర్డుతో వెళ్తుంటే విలువలు చదివి చెబుతుంది. రీపర్‌ను 60 రోజులు డబ్బు కట్టకుండా పరీక్షించి చూడొచ్చు, తర్వాత చిన్న వాడకందారులకి లైసెన్సు 60 డాలర్లు. మొదట ఫేడర్ ఉన్న కంట్రోలర్ ఒకటి చేతికిచ్చి, లాచ్‌లో పెట్టి ఒక భజన రైడ్ చేయమనండి. పాయింట్లు తగ్గించడం, ఎడమకి జరపడం ఆ తర్వాత నేర్పొచ్చు.